వెనక జాము అన్నం

1. ఇంటికొచ్చిన రోజు

రోజూ ఏం తిన్నానో, ఎలా పడుకున్నానో, ఒళ్ళెలా ఉందో రాసి పెట్టమన్నారు మెహరున్నీసా డాక్టరుగారు. రాయడం నాకు అలవాటు లేని పని. నాచు తొట్ల దగ్గర పనిచేసేవాణ్ణి. ఆ నాచు వదిలే గాలినే అడుగూరు జనమంతా పీల్చుకుంటాం. తొట్టి పచ్చగా ఉందా, పసుపెక్కిందా అని చూసుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను గానీ నా లోపల ఏం జరుగుతోందో ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకునేసరికి కాలేయం పూర్తిగా పోయింది.

ఇంటికొచ్చేసరికి ఇల్లు తుడిచి ఉంది. నా మంచం పక్కన గోడకి కొత్తగా ఒక కమ్మీ బిగించి ఉంది, లేచేటప్పుడు పట్టుకోవడానికి. మా ఇంటిని రెండో పూట వాడుకునే మారువాళ్ళు బిగించి వెళ్ళారని నా భార్య సత్యవేణి చెప్పింది.

మా ఊరు సముద్రం అడుగున ఉంది. ప్రతి ఇంట్లోనూ రెండు కాపురాలు. మేం ముందు జాము వాళ్ళం. మేం ఇంట్లో తిని పడుకునే పూట వెనక జాము వాళ్ళు పనుల్లో, బళ్ళలో ఉంటారు. మేం బయటికెళ్ళాక వాళ్ళొచ్చి అదే పొయ్యి మీద వండుకుని, అవే గదుల్లో వాళ్ళ పక్కలు పరుచుకుంటారు. ఏ వేళ చూసినా సగం జనమే బయట తిరగాలి, గాలీ చోటూ అంతకే సరిపోతాయి. జాము మారేటప్పుడు వెళ్ళే దారి వేరు, వచ్చే దారి వేరు. అందుకే ఒకే ఇంట్లో ఇంతకాలం బతికి కూడా నేను మా ఇంటి వెనక జాము ఇల్లాలు నూకరత్నంగారితో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

ఆవిణ్ణి చూసింది కూడా ఒక్కసారే. ఆపరేషన్ గదిలోకి నన్ను తోసుకెళ్తుంటే పక్క బల్ల మీద మత్తులో ఉన్నారు. నెరిసిన జుట్టు, గుండ్రటి మొహం, ముక్కుపుడక తీసేసిన చోట చిన్న గుంట. ముందు జాములో నాకు సరిపడే మనిషి దొరకలేదు. వెనక జాములో అడిగితే మొదట వచ్చింది ఆవిడేనట. తన కాలేయంలో సగానికి పైగా కోసి నాకిచ్చారు. ఆవిడలో మిగిలిందీ, నాలో పెట్టిందీ రెండూ పెరిగి మళ్ళీ నిండుగా అవుతాయంటున్నారు.

ఇవాళ నేను రాయాల్సింది ఇంతే. బతికున్నాను. ఆవిడ వల్ల.

2.

అన్నం ఎదురుగా పెట్టుకుంటే కడుపు మూసుకుపోతోంది. సత్య ఎంతో ఓపిగ్గా కలిపి పెడుతోంది. రెండు ముద్దలు మింగేసరికి వెగటు. పడుకున్నాక మాత్రం మంచి నిద్రలో ఆకలి నన్ను లేపేస్తోంది. మామూలు ఆకలి కాదు, పొలంలో పనిచేసి వచ్చినవాడి ఆకలి అనేవాడు మా తాత, అలాంటిది. దాంతోపాటు ఒళ్ళంతా దురద, చెమట.

మా పాప చిన్మయి అడిగింది, "నాన్నా, నీ పొట్టలో ఇంకొకళ్ళ ఆకలి ఉందా?" అని. వాళ్ళమ్మ కసిరింది గానీ పిల్ల సరిగ్గానే అడిగిందనిపించింది.

3. డాక్టరుగారు చెప్పింది, నాకు అర్థమైనంత వరకు

రక్తం చూసి డాక్టరుగారు తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు. మంచి కబురైతే తలుపు వెయ్యరు కదా అనుకున్నాను.

"ఒంట్లో ప్రతి కణానికీ ఒక గడియారం ఉంటుంది త్రిమూర్తులుగారూ. కణం నడుమ కేంద్రకంలో గ్రాహకాలని కొన్ని ఉంటాయి. ఒంట్లో తిరిగే హార్మోనో, కొవ్వు నలుసో వచ్చి తగిలితే అవి ఆ కబురు అందుకుని, ఏ జన్యువు లేవాలో ఏది పడుకోవాలో చెప్తాయి. గడియారాన్ని ఉయ్యాల అనుకోండి. రోర్ అనే గ్రాహకం తోస్తుంది. రెవ్-ఎర్బ్ అనేది పట్టి ఆపుతుంది. ఒకటి తోసి, ఒకటి ఆపి, రోజుకి ఒక ఊపు. మనం లేవగానే వేసుకునే పొద్దుబిళ్ళ పనిచేసేది ఆ ఆపే దాని మీదే."

అడుగూరులో సూర్యుడు లేడు. పొద్దుబిళ్ళ లేకపోతే ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో దారి పడుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ అందరం వేసుకుంటాం. ఆపరేషన్ తర్వాత నాకు ఆపేశారు. కొత్త కాలేయాన్ని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా ఇస్తున్న మందుకీ, ఆ బిళ్ళకీ పడదట.

"మరి నా ఉయ్యాలకేమైందండీ?"

"మీకిప్పుడు రెండున్నాయి. తలలో ఉన్నది మీ జాము ప్రకారమే ఊగుతోంది. నూకరత్నంగారిచ్చింది ఆవిడ జాము ప్రకారం ఊగుతోంది. కొద్దిరోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. కానీ తరతరాలుగా బిళ్ళ మింగిన జనం మనం. మన గడియారాలు బాగా మొండికేశాయి. ఒక జాము వాళ్ళది ఇంకో జాము వాళ్ళకి పెట్టడం ఇదే మొదలు. నాకూ తెలీలేదు."

ఆవిడ అలా ఒప్పుకోవడం నాకు నచ్చింది. తర్వాత చెప్పిందే నచ్చలేదు. నేను మందు మింగే వేళకి కాలేయం నిద్రలో ఉంటోంది, మందు రక్తంలో పేరుకుపోతోంది. అది లేచాక అంతా ఒక్కసారిగా కరిగించేస్తోంది, అప్పుడు మందు చాలడం లేదు. చాలని వేళల్లో ఒళ్ళు కాలేయం మీద పడుతోంది. ఇలాగే కొన్నాళ్ళు సాగితే అదీ పోతుంది.

"దారేమిటండీ?"

"మిమ్మల్ని వెనక జాముకి మార్చెయ్యడం. అప్పుడు తలే వెళ్ళి కాలేయంతో కలుస్తుంది. తల సర్దుకుంటుంది, దానికి కళ్ళున్నాయి, దీపాలు చూసి నేర్చుకుంటుంది."

"మావాళ్ళు?"

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దారు. "చిన్మయి ఎదిగే పిల్ల. పెద్దయ్యేదాకా ఆ పిల్ల జాము మార్చడానికి వీల్లేదు. తల్లి పిల్లతోనే ఉండాలి కదా."

4.

సత్యకి చెప్పాను. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది.

"మీరు బతికితే చాలండి, ఏ జాములో బతికినా. మేం తుడిచి వెళ్ళిన ఇంటికే కదా వస్తారు" అంది. అని, చీర కొంగుతో మొహం అదుముకుంది.

చిన్మయి మా ఇద్దర్నీ చూసి, "అయితే నాన్న మారువాళ్ళలో ఒకడవుతాడా?" అంది.

మారువాళ్ళంటే తలుచుకునేవాళ్ళే గానీ కనబడేవాళ్ళు కారు.

5. మళ్ళీ ఆసుపత్రి

ఇంకో దారి ఏదైనా ఉందా అని సత్యే అడిగింది. నేనైతే అడిగేవాణ్ణి కాదు. ఆసుపత్రిలో నోరు తెరవలేని మనిషిని.

డాక్టరుగారు ఆలోచించి అన్నారు, "ఉంది. చేసినవాళ్ళెవరూ లేరు గానీ, చదివాను. కాలేయానికి కళ్ళు లేవు. దీపం వెలిగినా ఆరినా దానికి తెలీదు. అన్నం వస్తే పొద్దుపొడిచిందనుకుంటుంది. కేంద్రకంలో ఉన్న గ్రాహకాల్లో కొన్ని తిండిని బట్టే లేస్తాయి, ఉపవాసాన్ని బట్టే పడుకుంటాయి."

"ఇప్పుడూ మా వేళకే పెడుతున్నానుగా అన్నం?"

"అదే తప్పమ్మా. ఉయ్యాల అవతలి కొసన ఉన్నప్పుడు ఇవతల నిలబడి తోస్తే ఊగదు, మెలిపడుతుంది. అదున్న చోటికి వెళ్ళి, తాడు మీద చెయ్యేసి, కొద్దికొద్దిగా ఇటు లాక్కురావాలి. నూకరత్నంగారు నిద్ర లేచి అన్నం తినే వేళకే ఈయనా తినాలి. మందు కూడా అప్పుడే. మిగతా వేళల్లో మంచినీళ్ళే. ఒళ్ళు కుదుటపడ్డాక, వారం వారం ఆ అన్నాన్ని కాస్త ముందుకి జరుపుతూ మీ వేళకి తెచ్చుకుందాం. నెలలు పట్టచ్చు. మధ్యలో తేడా వస్తే మాత్రం జాము మార్పు మీద సంతకం పెట్టేస్తాను, నన్నేమీ అనకూడదు."

మిగిలింది ఒక్కటే చిక్కు. నూకరత్నంగారు లేచి తినే వేళకి నేను ఇంటి బయట ఉండాలి, ఆ పూట ఇల్లూ పొయ్యీ వాళ్ళవి. ఆసుపత్రి వంటశాలలో ఆ వేళకి పొయ్యి వెలగదు. అంటే వాళ్ళింటికి అన్నానికి వెళ్ళాలి.

"కాలేయం తీసుకున్న ఇంటికే మళ్ళీ అన్నం అడగడానికి వెళ్ళనా సత్యా?"

"అంత పెద్దది తీసుకున్నప్పుడు లేని మొహమాటం ముద్ద అన్నానికొచ్చిందా?" అంది సత్య.

నూకరత్నంగారు కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు డాక్టరుగారే అడిగారు. ఆవిడ జవాబు నాకు నవ్వుతూ చెప్పారు: "'ఎన్ని గింజలు తింటాడేటి' అన్నారు. అంతే."

6. మొదటి అన్నం

మా ఇంటి తలుపు తట్టి నిలబడ్డాను. ఇదివరకెప్పుడూ ఆ తలుపు తట్టలేదు.

తలుపు తీసింది నూకరత్నంగారి భర్త సింహాచలం. ఊరి గోడకి ఎక్కడ నీటి చెమ్మ కనబడినా వెళ్ళి అతుకు వేసే మనిషి. తలుపంత ఉన్నాడు. పక్కకి జరిగి, "రా తమ్ముడూ" అన్నాడు.

అది మా ఇల్లే. కానీ చిన్మయి బొమ్మలు గీసిన పలకని గోడవైపు తిప్పి, దాని వెనకవైపు వాళ్ళ పైడితల్లి అమ్మవారి పటం పెట్టుకున్నారు. నా మంచం మీద పూల దుప్పటి. చింతపండు, ఇంగువ వాసన. పొయ్యి దగ్గర నూకరత్నంగారు, ఒక చెయ్యి కుట్ల మీద ఆనించుకుని నిలబడి గరిటె తిప్పుతున్నారు. మత్తులో చూసిన మనిషి కళ్ళు తెరిస్తే ఇలా ఉంటుందని నేను ఊహించుకోలేదు. పెద్ద కళ్ళు, చురుగ్గా ఉన్నాయి.

దారిలో నేను చెప్పాల్సిన మాటలన్నీ కూర్చుకున్నాను. తీరా పొయ్యి ఎదురుగా నిలబడిపోయాను.

"ఏటి తమ్ముడూ, అలా నిలబడిపోనావు? కూకో. నీ ఇంట్లో నీకు మొగమాటమేటి?"

చేప పులుసు, నూనె లేకుండా. చోడి అంబలి, అంటే రాగులదే. కూర్చుని మొదలుపెట్టాను. "అక్కా, మీరు నాకు చేసినదానికి..."

"సల్లారిపోతాది, తిను."

తిన్నాను. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నా నోరూ కడుపూ ఒకే మాట మీద ఉన్నాయి. కడుపునిండా తిన్నాను. ఆవిడ నా కంచం వైపు చూస్తూనే ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాను. "మీరెందుకిచ్చారక్కా? నేనెవరో కూడా తెలీదు కదా."

"తెలీకపోడమేటి? ఇన్నేళ్ళు ఒక్క పొయ్యి మీద వండుకున్నాం. సరిపోనాది అన్నారు. సరిపోనాక ఇంకేటి ఆలోసించాల?" అని, తర్వాత అత్తారింటికి పంపిన పిల్ల గురించి అడిగినట్టు మెల్లగా అడిగింది, "నాది ఎలాగుంది నీ కాడ? బాగుందా? అల్లరి పెడతందా?"

"ఇంకా అలవాటుపడలేదక్కా. మీ వేళకే లేస్తోంది, మీ వేళకే ఆకలంటోంది."

"పడతాది. కొత్త కదా" అంది. మొహం చూస్తే, ఆవిడ కొంచెం గర్వపడుతున్నట్టే ఉంది.

7.

దురద పోయింది. పడుకున్నాక మెలకువ రావడం లేదు. మందు రక్తంలో నిలకడగా ఉందని డాక్టరుగారు తలుపు తెరిచే ఉంచి చెప్పారు.

ఈ మధ్య నాకు ప్రతి దానికీ దణ్ణం పెట్టాలనిపిస్తోంది. తొట్ల దగ్గర నా వాటా పని మిగతావాళ్ళు పంచుకున్నారు, అడక్కుండానే. సింహాచలం బావ (బావా అని పిలవమన్నాడు) తన వాటా చేపని నా కంచంలో వేస్తాడు, నేను వద్దంటే వినబడనట్టు ఉంటాడు. సత్య అయితే మా పూట ఇంట్లో నేను తినకూడదు కాబట్టి, నా ముందు తాను తినడం ఇష్టంలేక లోపలి గదిలో తినేది. నేనే వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. తింటుంటే చూడ్డం కూడా బాగుంటుందని నూకరత్నమక్క దగ్గర నేర్చుకున్నాను.

8. జరపడం మొదలైంది

ఈ వారం నుంచి అన్నం కొంచెం ముందుకి జరిపారు. అంటే అక్కావాళ్ళు ఇంకా నిద్ర లేవని వేళ. గిన్నెలో పెట్టి ఉంచితే నేను తిని వెళ్తానని చెప్పాను. వెళ్ళేసరికి అక్క లేచి కూర్చుని ఉంది.

"ఒక్కడివీ ఏటి తింటావు? గోడలికేసి సూసుకునా?"

తర్వాతి వారం ఇంకాస్త ముందుకి. అప్పుడూ లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తను కూడా నాతోపాటు నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంటోంది, నాకు తోడుగా.

ఆ పూటల్లో ఆవిడ చాలా మాట్లాడింది. ఉప్పునీటిని తియ్యనీరు చేసే గదిలో ఆవిడ పని. గొట్టాల లోపల పేరుకునే ఉప్పుని చూస్తే ఏ సముద్రపు నీరు ఎటునుంచి వచ్చిందో చెప్పగలనంది. నేను నాచు గురించి చెప్పాను. మా నాచు కూడా దీపం వెలగడానికి ముందే ఒళ్ళు సవరించుకుంటుంది అంటే అక్క చాలాసేపు నమ్మలేదు. "దానికీ పొద్దుబిళ్ళ ఏస్తారేటి?" అంది. వెయ్యరు, దాని లోపలే గడియారం ఉంది అన్నాను. "మడిసికే అన్నీ కావాల" అంది.

నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషంలో ఆవిడ మొహం నేను సరిగ్గా చూడలేదు.

9.

నూకరత్నమక్క పనిచేసే చోట స్పృహ తప్పి పడిపోయింది. ఉప్పు గదిలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కుప్పకూలిందట. రక్తంలో చక్కెర పడిపోయింది. నా కోసం నిద్ర మధ్యలో లేచి తిని, మళ్ళీ తన వేళకీ తిని, సగం తెగిన కాలేయంతో ఆవిడ గడియారం కూడా తప్పింది. నేను ఈ ఒడ్డుకి చేరాలని చూస్తుంటే ఆవిడ నన్ను పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

డాక్టరుగారు నన్ను కేకలేశారు. సింహాచలం బావ ఆసుపత్రి బయట నేల మీద కూర్చుని ఉన్నాడు.

"దాన్ని లెగకుండా సూడు తమ్ముడూ. నాను సెప్తే ఇనదు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మనిషి నన్ను తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి సత్యతో చెప్పాను, ఇంక వద్దు, జాము మారిపోతాను, ఆవిణ్ణి పడుకోనిద్దాం అని. సత్య చిన్మయి జుట్టు దువ్వుతోంది. దువ్వెన ఆగింది. "ముందు అక్కగారిని కనుక్కునిరండి. ఆవిడ మాట కూడా వినాలిగా" అంది.

10. వెనక జాము వార్డులో

ప్రత్యేక అనుమతి తీసుకుని వెళ్ళాను. అక్క కూర్చునే ఉంది, చేతికి సూది. నన్ను చూసి మొదట అడిగింది, "తిన్నావా?" అని.

"తినలేదు. మీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. నేను మీ జాముకి మారిపోతున్నానక్కా."

"ఎందుకు?"

"మీకు ఇలా అయ్యాక ఇంకా ఎందుకంటారేంటి?"

ఆవిడకి కోపం వచ్చింది. నేను చూసిన ఒకే ఒక్క కోపం. "నాను నీకు ఇచ్చింది నువ్వు నీ పెళ్ళాం పిల్లకాడ బతుకుతావని. నా జాములో పడుకోడానికా? అలాగైతే కోయించుకోకపోదును."

నేనూ పట్టుపట్టాను, "అయితే నాదొక మాట. మీరు లేస్తే నేను తినను. ఒక్క పూట మీరు లేచినా సరే, అక్కడితో ఆపేసి జాము మారిపోతాను."

"ఒక్కడివీ..."

"ఒక్కణ్ణే తింటాను. మీరు లోపల పడుకుని ఉంటారు కదా. ఒక్కణ్ణి ఎలా అవుతాను?"

ఆవిడ నా వైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. మంచం పక్కన నిలబడ్డ సింహాచలం బావ అన్నాడు, "పడుకునే ముందు నాను వండి ఏడిపెట్టెలో పెట్టేస్తాను. ఉప్పు సరిపోకపోతే ఏటీ అనుకోకు." అక్క గోడ వైపు తిరిగే అంది, "పులుసులో సింతపండు ఎక్కువేస్తాడు. సెప్పు ఆయనికి."

ఒప్పుకున్నట్టే.

11.

తలుపు చప్పుడు చెయ్యకుండా తీయడం నేర్చుకున్నాను. చెప్పులు బయటే వదిలేస్తాను. వేడిపెట్టెలో గిన్నె, పక్కన బోర్లించిన గ్లాసు. పులుసులో చింతపండు ఎక్కువే.

దీపం పెట్టుకోను. నడవలోంచి వచ్చే కాస్త వెలుతురు చాలు. లోపలి గదిలో ఇద్దరి ఊపిరి వినిపిస్తుంది. బావది పెద్దది, మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. అక్కది సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. నేను మొదట అక్క ఊపిరి కోసం చెవి పెడతాను. నిద్రపోతోందని నమ్మకం కుదిరాక అన్నంలో చెయ్యి పెడతాను.

ఆవిడ లోపల నిద్రపోతోంది. ఆవిడ ముక్క నాలో మేలుకుని అన్నం కోసం ఎదురుచూస్తోంది. ఇంత దగ్గరతనం నాకు నా అన్నదమ్ములతో కూడా తెలీదు. దేవుడి గదిలో ఎంతసేపు కూర్చున్నా కలగని నెమ్మది నాకు ఆ వంటింటి నేల మీద కలిగింది. ఇది డాక్టరుగారికి అక్కర్లేకపోయినా రాస్తున్నాను.

12.

ఒక ఎదురుదెబ్బ. జ్వరం వచ్చింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళు కాలేయం మీద పడిందేమోనని వార్డులో పడుకోబెట్టారు. డాక్టరుగారు జాము మార్పు కాగితం తయారు చేసి బల్ల మీద పెట్టుకున్నారు, నాకు చూపించారు కూడా. దాచే మనిషి కాదు.

"జరపడం ఆపుదాం. ఉన్నచోటే ఉంచి చూద్దాం. ఈసారి రక్తం బాగుండకపోతే సంతకం."

సత్య గాజు అవతల నిలబడి చిన్మయిని ఎత్తి చూపించింది. పాప ఏదో అంది, వినబడలేదు. నేను తలూపాను. ఏమందో తర్వాత అడిగితే, "నీ కాలేయానికి కథ చెప్పమన్నాను, నిద్రపోతుందని" అంది.

ఆ వారమంతా అన్నం తెచ్చింది సింహాచలం బావ. తన నిద్ర సగంలో లేచి, వార్డు దాకా నడిచొచ్చి, గిన్నె ఇచ్చి, తిరిగి వెళ్ళి పడుకునేవాడు. ఆవిడ లేస్తే తిననన్నాను గానీ ఈయన లేస్తే ఏం చెయ్యాలో నేను చెప్పి ఉండలేదు. "నా కాలేయం నిండుగానే ఉందిలే" అన్నాడు.

రక్తం బాగుంది. డాక్టరుగారు ఆ కాగితాన్ని నిలువునా చింపారు.

13.

మళ్ళీ పనిలో చేరాను, నా అన్నం ఇప్పుడు పని మధ్యలో తొట్ల దగ్గర అందరూ తినే వేళకి వచ్చింది. ఇంటికి వెళ్ళనక్కర్లేదు, తొట్ల దగ్గరే తింటున్నాను. అక్కావాళ్ళ గుమ్మం తొక్కి చాలా రోజులైంది. బాగుపడుతున్నకొద్దీ ఆ ఇంటికి దూరమవుతున్నాను. సంతోషించాల్సిన సంగతే, సంతోషంగానే ఉన్నాను. కానీ పులుసులో చింతపండు సరిగ్గా పడ్డ ప్రతిసారీ ఏదో లోటుగా అనిపిస్తోంది.

అక్క పూర్తిగా కోలుకుందనీ, పనిలో చేరిందనీ డాక్టరుగారు చెప్పారు. ఆవిడ కాలేయం మునుపటంత అయిందట. నాలోది కూడా దాదాపు అంతే.

14.

ఇవాళ నిద్ర లేచేసరికి ఆకలేసింది. దీపాలు అప్పుడే తెల్లబడుతున్నాయి, సత్య పొయ్యి దగ్గర ఉంది. చిన్మయి బడికి తయారవుతోంది. నేను లేచి కూర్చుని, "సత్యా, ఆకలేస్తోంది" అన్నాను.

సత్య వెనక్కి తిరగలేదు. పొయ్యి మంట తగ్గించి అలాగే నిలబడింది. తర్వాత కంచం పెట్టింది. ముగ్గురం కలిసి తిన్నాం. చిన్మయి తన గుడ్డు ముక్క నా కంచంలో వేసింది.

రక్తం చూసి డాక్టరుగారు అన్నారు, "రెండు ఉయ్యాలలూ ఒక్క ఊపు మీద ఉన్నాయి. ఇంక రాయక్కర్లేదు." కానీ ఇంకొక్కటి రాయాలి.

15. రెండు కాపురాల అన్నం

ఇది సత్య పట్టుదల. అక్కతో ఇంతవరకు తను ఒక్క మాట మాట్లాడలేదు. ఊరి సంఘానికి అర్జీ పెట్టింది, జాము మారే వేళ ఒక్కసారి రెండు కాపురాలూ ఒకే ఇంట్లో ఉండేందుకు. గాలి లెక్క చూసేవాళ్ళు మొదట కుదరదన్నారు. మా తొట్ల వాళ్ళు వెళ్ళి ఏం చెప్పారో తెలీదు, ఒప్పుకున్నారు.

మేం బయటికి వెళ్ళకుండా ఆగాం. వాళ్ళు పని నుంచి వచ్చారు. మాకది లేచిన పూట, వాళ్ళకి అలిసి ఇల్లు చేరిన పూట. సత్య ఎన్నో రోజులుగా మాటలు తయారు చేసుకుంది. అక్కని గుమ్మంలో చూడగానే కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. అక్క భుజాలు పట్టి ఆపేసింది. మాటలన్నీ పోయి సత్య అన్నదొకటే, "రండక్కా, మా ఇంటికి రండి."

"మా ఇంటికి నన్ను పిలుస్తన్నావా?" అంది అక్క. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే సత్య ఏడ్చింది.

మా ఇల్లు ఇంతమందికి కట్టింది కాదు. బావ గుమ్మంలో కూర్చున్నాడు, అతను లోపలికొస్తే ఇంకెవరికీ చోటుండదు. కంచాలు చాలక నేనూ చిన్మయీ ఒకే కంచంలో తిన్నాం. చిన్మయి అక్కని ఎగాదిగా చూసి, "మీరేనా మారువాళ్ళు?" అంది. "ఔనమ్మా, నానే" అంది అక్క. "కనబడతారే మీరు" అంది పిల్ల.

అక్క కంచం ముందు కూర్చుంది గానీ తినడం లేదు. నన్నే చూస్తోంది, మొదటి రోజు చూసినట్టు. పని చేసి వచ్చిన అలసట కళ్ళలో కనబడుతోంది. నేను కలుపుకుని గబగబా తింటున్నాను.

"తమ్ముడూ, నిజెంగా ఆకలేస్తందా? నా మొహం సూసి తింటన్నావా?"

"నిజంగానే అక్కా. లేవగానే వేసింది."

"నాకు ఇప్పుడు ఆకలి లేదు. నిద్దరొస్తంది." తన కంచం దగ్గరికి లాక్కుంది. "అయితే అది ఇంక నీదే."

అలా అని కంచంలో చెయ్యి పెట్టింది. ఆ కాలేయం నాదని నేను ఒప్పుకోలేదు, ఎప్పటికీ ఒప్పుకోను కూడా. కానీ ఆవిడతో వాదించలేదు. కంచం ముందుకి జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమన్నాను.